హద్దుకు స్తోత్రం

హద్దూ, నిన్ను పాడతాను.

దేవుణ్ణి పాడినవాళ్లున్నారు. దేవదూతల్ని పాడినవాళ్లున్నారు. సిలువను పాడి పాడి గొంతు పోగొట్టుకున్నవాళ్లు మా ఊరి నిండా ఉన్నారు. నిన్ను పాడినవాళ్లే తక్కువ. నువ్వు కంటికి ఆనవు. రాత్రిపూట పొలానికీ పొలానికీ మధ్య గట్టు కాలికి తగిలాకే తెలిసినట్టు, నువ్వూ తగిలాకే తెలుస్తావు. చీకటి ఎంతదాకా వచ్చి ఆగిందో అక్కడ నువ్వున్నావు. సాతాను ఎంతవరకు చెయ్యి చాచి, ఇక చాచలేక ముడుచుకున్నాడో అక్కడ నువ్వున్నావు. నిన్ను గీసిన చేతికి స్తోత్రం. ఆ చెయ్యి కనపడని రాత్రుల్లో నాకు నువ్వే ఆనవాలు.

సముద్రం ఎంతవరకు రావాలో చెప్పే గీతకు మన భాషలో చెలియలికట్ట అని పేరు. అంత నీటిని ఆపేదానికి ఎంత మెత్తని పేరు పెట్టారు మనవాళ్లు! ఉగ్రంగా ఊగిపోతున్న అన్న ముందుకు చెల్లెలొచ్చి నిలబడి "ఇక చాల్లే" అన్నట్టుంటుంది నాకు ఆ మాట వింటే. యోబు గ్రంథం 38వ అధ్యాయంలో దేవుడు సుడిగాలిలోంచి సముద్రం ఊసెత్తుతాడు. అక్కడ సముద్రం రాక్షసి కాదు, అప్పుడే పుట్టిన బిడ్డ. మేఘం దానికి చొక్కా, కారుచీకటి దానికి పొత్తిగుడ్డ. దానికి తలుపులు పెట్టి, గడియలు బిగించి, నీ పొంగు ఇక్కడిదాకేనని చెప్పింది ఆయనే. బాపట్ల దాటాక ఉప్పుగాలి తగిలే ఊళ్లో పెరిగినదాన్ని నేను. ఆ అధ్యాయాన్ని ముందు మా ఇసుక మీద చదువుకున్నాను, తర్వాతే పుస్తకంలో.

ఆ గ్రంథం మొదటికి రండి. ఊజు దేశంలో యోబు. 7,000 గొర్రెలు, 3,000 ఒంటెలు, 500 జతల ఎడ్లు, 500 ఆడగాడిదలు. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. పరలోకంలో ఒకరోజు దేవుని ముందు కొలువు తీరింది. వచ్చినవాళ్లలో సాతాను ఒకడు. హీబ్రూ మూలంలో అది పేరుగా కాదు, పనిగా కనిపిస్తుంది: ఎదురువాదన చేసేవాడు, నేరం మోపేవాడు. అంటే వాడు న్యాయస్థానంలో నిలబడి మాట్లాడేవాడు. గద్దె మీద కూర్చున్నవాడు వేరే ఉన్నాడు.

అక్కడ వాడన్న మాటను ఎన్నిసార్లు చదివినా నా ఒళ్లు జలదరిస్తుంది. యోబు చుట్టూ, వాడి ఇంటి చుట్టూ, వాడికున్న సమస్తం చుట్టూ నువ్వు కంచె వేశావు కదా అని వాడు దేవుణ్ణి నిలదీస్తాడు. కంచె ఉందని ఆ గ్రంథంలో మొదట చెప్పింది దేవుడు కాదు. యోబుకైతే అలాంటిది ఉందనే తెలియదు. చెప్పింది సాతాను. ఆ కంచె చుట్టూ తిరిగి తిరిగి, ఎక్కడ సందు దొరుకుతుందా అని తడిమి తడిమి, దొరక్క వచ్చినవాడు వాడు. హద్దూ, నీకు మొట్టమొదటి సాక్షి నీ శత్రువే.

సెలవు దొరికింది. యోబుకున్నదంతా నీ చేతిలో ఉంది, అతని ఒంటి మీద మాత్రం చెయ్యి వెయ్యకు. ఒక గీత. రెండోసారి వచ్చినప్పుడు గీత కాస్త లోపలికి జరిగింది: ఒళ్లు నీ చేతిలో ఉంది, ప్రాణం జోలికి పోకు. అరికాలి నుంచి నడినెత్తి దాకా కురుపులు. బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కుంటున్న మనిషి. ఆ చిల్లపెంకును నేను ఎప్పుడూ దగ్గరగా చూస్తాను. పగిలిన కుండ ముక్క, ఒక అంచు పదును, ఒక అంచు మొద్దు, దాని మీద రసి. అంతా పోయాక ఆ మనిషి చేతిలో మిగిలిన ఆస్తి అది. ఆ చేతి మణికట్టులో నాడి కొట్టుకుంటోంది. ఆ నాడిని సాతాను ముట్టుకోలేదు. ముట్టుకోలేడు. నరకమంతా కలిసొచ్చినా ఆ నాడి దగ్గర ఆగాల్సిందే.

ఇంకో సంగతి. రెండో అధ్యాయం దాటాక ఆ గ్రంథంలో సాతాను లేడు. మొత్తం 42 అధ్యాయాలు. మిగిలిన 40 అధ్యాయాల్లో వాడి పేరు ఎవరి నోటా రాదు. యోబు తిట్టడు, స్నేహితులు తలవరు, చివరికి దేవుడు కూడా నాలుగు అధ్యాయాల పాటు మాట్లాడి వాడి ఊసే ఎత్తడు. అడవిమేకలు ఎప్పుడు ఈనతాయో అడుగుతాడు. కాకిపిల్లలకు తిండి ఎవరు పెడతారని అడుగుతాడు. నీటిగుర్రం, మకరం గురించి మురిసిపోతూ చెబుతాడు. ఇంత ఏడిపించినవాడు కథలోంచి ఎప్పుడు వెళ్లిపోయాడో కూడా చెప్పలేదు. దుఃఖం చివరిదాకా యోబుదీ దేవుడిదీ. వాడు మధ్యలో వచ్చి పోయినవాడు.

కానీ హద్దూ, నిన్ను పాడుతున్న ఈ గొంతు ఒకచోట పూడుకుపోతుంది. దాచను. ఆ పదిమంది పిల్లలు నీకు ఏ పక్కనున్నారు? పెద్దన్న ఇంట్లో భోజనానికి కూర్చున్నారు, గాలి వచ్చి నాలుగు మూలలూ కొట్టింది, ఇల్లు మీద పడింది. యోబు ప్రాణం గీతకు లోపల, పిల్లల ప్రాణాలు గీతకు బయట. చివర్లో గొర్రెలు 14,000 అయ్యాయి, ఒంటెలు 6,000 అయ్యాయి, అన్నీ రెండింతలయ్యాయి. పిల్లలు మాత్రం మళ్లీ ఏడుగురూ ముగ్గురే. మొదటి పదిమంది దేవుని దగ్గర ఉన్నారు కాబట్టి ఆ లెక్కా రెండింతలేనని పెద్దలు చెప్పారు. ఆ మాట నాకు కావాలి, ఆ మాట పట్టుకునే బతుకుతాను. అయినా యోబు భార్య కొత్త బిడ్డకు పాలిస్తూ పాత బిడ్డ పేరు పెట్టి పిలిచిన రాత్రులు ఉండే ఉంటాయి.

1977 నవంబరు 19న దివిసీమలో సముద్రం చెలియలికట్ట దాటింది. వేలమంది పోయారు. మా నాయనమ్మ చెల్లెలి అత్తవారి ఊరు అటే. నాయనమ్మ వెళ్లి, పన్నెండు రోజులుండి, తిరిగొచ్చింది. ఊళ్లో పరామర్శకు వచ్చినవాళ్లు కొందరు సాతాను పనమ్మా అన్నారు, కొందరు దేవుని ఉగ్రత అన్నారు. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది, ఎవరికీ జవాబివ్వలేదు. ఆ రాత్రి యోబు గ్రంథం తీసి, స్నేహితులు ముగ్గురూ వచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు నోరు మెదపకుండా నేలమీద కూర్చున్నచోట వేలు పెట్టి ఆపేసిందట. అక్కడితో మూసేసిందట. మా అమ్మ చెప్పేది. అప్పటికి నేను పుట్టలేదు.

సముద్రాన్నీ గాలినీ సాతానుకు రాసివ్వడం మాత్రం మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు. ఆవిడకు తెలియదు గానీ, ఆ మాట చర్చి ఎప్పుడో తేల్చింది. 561లో, ఇప్పటి పోర్చుగల్‌లో ఉన్న బ్రాగా పట్టణంలో బిషప్పులు సభ కూడారు. ఉరుమునూ మెరుపునూ తుఫానునూ కరువునూ సాతాను తన సొంత అధికారంతో పుట్టిస్తాడని నమ్మేవాళ్లను ఆ సభ తప్పుపట్టింది. 1215లో రోము లాటరన్ సభ ఇంకా మూలానికి వెళ్లింది: సాతానూ వాడి దూతలూ కూడా దేవుడు మంచివాళ్లుగా సృష్టించినవాళ్లే, చెడ్డవాళ్లయింది తమంతట తాము. ఈ మాట పైకి కనిపించేంత చిన్నది కాదు. లోకంలో రెండు గద్దెలు లేవని దీనికి అర్థం. వెలుగు దేవుడొకడు, చీకటి దేవుడొకడు అని చెప్పిన మానీ మతంలో అగస్టీను యవ్వనంలో తొమ్మిదేళ్లు తిరిగాడు. బయటపడ్డాక ఆయన పట్టుకున్న సత్యం ఇది: చెడు ఒక పదార్థం కాదు, మంచి చిరిగిపోయినచోట కనిపించే చిరుగు. చిరుగుకు సొంత నూలు ఉండదు. గుడ్డ లేనిచోట అదీ ఉండదు.

ఇక మన మాట దగ్గరికి వస్తాను. గ్రీకులో సాతానును దియాబొలొస్ అన్నారు, చాడీలు చెప్పేవాడని అర్థం. తెలుగు బైబిలు చేసినవాళ్లు దానికి అపవాది అన్న మాట పెట్టారు. ఎవరి ఎంపికో గానీ ఆ చేతికి దండం. అపవాదు వేసేవాడు. అంతే. వాడి ఆయుధం వాడి పేరులోనే ఉంది, వాడి హద్దూ వాడి పేరులోనే ఉంది. వాడిది మాట. నువ్వు పనికిరావు, నిన్ను ఎవరూ క్షమించరు, నీ బిడ్డ పోయింది నీ పాపం వల్లే. ఈ మాటలు ఏ గొంతుతో వస్తాయో రాత్రి రెండింటికి నిద్రపట్టనివాళ్లకు తెలుసు.

జెకర్యా గ్రంథం మూడో అధ్యాయంలో ప్రధాన యాజకుడు యెహోషువ మురికి బట్టలతో దేవుని దూత ముందు నిలబడి ఉంటాడు. కుడిపక్కన సాతాను, నేరం మోపడానికి. బట్టలు నిజంగానే మురికివి, కాబట్టి ఆ నేరం అబద్ధం కూడా కాదు. కానీ ఆ అధ్యాయంలో సాతాను అన్న మాట ఒక్కటీ రాసి లేదు. వాడి నోరు మెదిలే ముందే గద్దింపు వచ్చింది. ఆ వెంటే మురికి బట్టలు తీసి మంచి బట్టలు తొడిగారు.

మాట తప్ప వాడికి సొంత చెయ్యి లేదని యేసు శోధనలోనూ తేలింది. నలభై రోజుల ఉపవాసం తర్వాత యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకమంటాడు. ఆ ఎత్తున, ఆ నీరసంలో, వెనక నుంచి వేలితో తోస్తే చాలు. తోయలేదు. దూకు అన్నాడు. నాలుగో శతాబ్దం చివర మత్తయి సువార్తకు వ్యాఖ్యానం రాస్తూ జెరోము ఇక్కడే ఆగి చెప్పాడు: వాడు ఒప్పించగలడు గానీ పడదోయలేడు. లోకరాజ్యాలన్నీ చూపించి ఇస్తానన్నప్పుడు కూడా లూకా రాసినది చూడండి, అదంతా నాకు అప్పగించబడింది అంటాడు. గొప్పలు పోతున్నప్పుడూ నాది అనలేకపోయాడు. ఒకరు ఇస్తే తన చేతికి వచ్చిందని వాడి నోటితోనే ఒప్పుకున్నాడు.

శిఖరం అంచున వేలి వెడల్పులో నిలిచిన హద్దూ, నీకు స్తోత్రం.

గలిలయ సముద్రానికి తూర్పు గట్టున గెరాసేనుల దేశం. సమాధుల మధ్య ఒక మనిషి. సంకెళ్లు తెంపేవాడు, రాత్రీ పగలూ కొండల్లో కేకలు వేసేవాడు, రాళ్లతో తన ఒళ్లు తానే కోసుకునేవాడు. పేరడిగితే లోపలున్నవి సేన అని చెప్పాయి. రోమా సేన ఒకటంటే ఐదారు వేలమంది సైనికులు. ఆ సేన ఏం చేసింది? బతిమాలింది. ఈ దేశంలోంచి పంపకు, పాతాళానికి తోలకు, అదిగో ఆ పందుల్లోకైనా పోనివ్వు అని. మార్కు లెక్క ప్రకారం పందులు దాదాపు 2,000. అంత సేనకు ఒక్క పంది మీద కూడా సొంత అధికారం లేదు. కార్తేజీ నగరపు రచయిత తెర్తుల్లియను దీన్ని పట్టుకుని, పందుల ఒంటి మీది వెంట్రుకలకే దేవుని దగ్గర లెక్క ఉన్నప్పుడు విశ్వాసుల తలవెంట్రుకల సంగతి చెప్పాలా అన్నాడు.

ఆ పందుల కథలోనే ఇంకోటి ఉంది, చాలామంది దాటిపోతారు. ఆ రోజు యేసును ముగ్గురు వేడుకున్నారు. దయ్యాలు పందుల్లోకి సెలవడిగాయి, సరేనన్నాడు. పందులు పోయిన ఊరివాళ్లు మా ప్రాంతం వదిలి వెళ్లిపొమ్మన్నారు, వెళ్లిపోయాడు. బాగుపడి, బట్టలు కట్టుకుని, ఆయన కాళ్ల దగ్గర కుదురుగా కూర్చున్న ఆ మనిషి ఒక్కడు నేనూ నీతో వస్తానన్నాడు. వద్దన్నాడు, ఇంటికి పో అన్నాడు. సాతాను అడిగితే దొరికింది, నేను అడిగితే దొరకలేదే అని కుమిలిపోయేవాళ్ల కోసం ఈ కథ. దయ్యాలకు దొరికిన సెలవు వాటిని నీళ్లలో ముంచింది. మనిషికి దొరకని సెలవు అతణ్ణి ఇంటి గుమ్మం దగ్గర, తనవాళ్ల మధ్య నిలబెట్టింది.

ఈజిప్టు ఎడారిలో సన్యాసి ఆంటోనీ ఈ పందుల కథనే ఊతకర్రగా చేసుకుని బతికాడు. 356లో ఆయన పోయాక, అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ ఆయన జీవితం రాశాడు. ఒక సమాధిలో ఒంటరిగా ఉన్నప్పుడు గోడలు పగిలినట్టు చప్పుడు, దయ్యాలు వేసిన వేషాలు: సింహాలు, ఎలుగులు, చిరుతలు, పాములు, తేళ్లు, తోడేళ్లు. ఒళ్లంతా దెబ్బలతో నేలమీద పడి ఉండి కూడా ఆయన వాటితో అన్నదేమిటంటే, మీకు నిజంగా బలముంటే మీలో ఒకరొస్తే చాలదా, ఇంతమంది ఎందుకు, ఇన్ని వేషాలెందుకు అని. కప్పు విచ్చుకుని వెలుగు పడింది. అప్పుడాయన ప్రభువును అడిగాడు, ఇంతసేపూ ఎక్కడున్నావు అని. ఇక్కడే ఉన్నాను, నీ పోరాటం చూద్దామని, అని జవాబు. ఆ ప్రశ్న అడగనివాళ్లు మాలో ఎవరూ లేరు. జవాబు విన్నవాళ్లు కొందరే.

ఆ ఆంటోనీ చెప్పిన నైలు నది సంగతి మన గోదావరివాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. దయ్యాలు జరగబోయేది చెబుతాయంటారు కదా. ఇథియోపియాలో వానలు కురవడం చూసి, నీళ్లు కిందికి దిగేలోపు పరుగెత్తుకొచ్చి, వరద వస్తుందని ఈజిప్టులో చెబుతాయట. భద్రాచలంలో నీటిమట్టం చూసినవాడు ధవళేశ్వరానికి కబురు చెప్పినట్టు. అది పరుగే గాని జ్ఞానం కాదు. మనసు లోపలి ఆలోచన కూడా వాడికి తెలియదని 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ రాశాడు. ముఖం చూసి, అడుగు చూసి ఊహిస్తాడు. లోపలికి చూసేది దేవుడొక్కడే. నా గుండెకు వాడు బయటి కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి. లోపల నేను ఏడుస్తున్నానో ప్రార్థిస్తున్నానో వాడికి తెలియదు. చాలాసార్లు నాకే తెలియదు.

హద్దూ, నిన్ను మరిచినచోట మనుషులు మనుషుల్ని తగలబెట్టారు. రాత్రిళ్లు గాలిలో ఎగిరివెళ్తామని కొందరు ఆడవాళ్లు నమ్మడం వట్టి భ్రమ అని పదో శతాబ్దపు చర్చి నియమమే చెప్పింది. ఐదారువందల ఏళ్లకు ఆ భ్రమనే నేరంగా మార్చి యూరప్ ఊళ్లలో చితులు పేర్చారు. 1631లో ఫ్రీడ్రిక్ స్పే అనే జెసూయిట్ గురువు, చిత్రహింసతో ఎవరిచేతనైనా ఏదైనా ఒప్పించవచ్చని తన పేరు లేకుండా పుస్తకం వేసి ఆక్రోశించాడు. దూరం ఎందుకు, బాణామతి చేసిందని, చేతబడి చేసిందని ఒంటరి ఆడదాన్ని చావగొట్టిన వార్త తెలుగు పత్రికల్లో ఇప్పటికీ వస్తుంది. భయం సాతానుకు లేని చేతులు ఇచ్చింది. ఆ చేతులు మనవే.

నాకు ఏడెనిమిదేళ్లప్పుడు జ్వరం పట్టి వారమైనా దిగలేదు. ప్రార్థన చెయ్యడానికి వచ్చిన ఒకాయన ఈ ఇంట్లో సాతాను కాపురం పెట్టాడని గట్టిగా కేకలు వేశాడు. నేను దుప్పట్లో వణికిపోయాను. నాయనమ్మ ఆయనకు నమస్కారం పెట్టి గుమ్మం దాకా సాగనంపి, వచ్చి నా నుదుటి మీద తడిగుడ్డ మార్చింది.

"వాడు అడక్కుండా గడప దాటడు తల్లీ. అడిగితే అడగనీ. మనమూ అడుగుదాం."

పొద్దున్నే నన్ను బండిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. టైఫాయిడ్ అన్నారు.

అడగడం గురించి ఆవిడకు బాగా తెలుసు. కందులు జల్లించేటప్పుడు నేను పక్కన కూర్చునేదాన్ని. జల్లెడ ఊపుతుంటే దుమ్మూ నూకా కిందికి రాలిపోయేవి. గింజలు ఎగిరి, ఒకదాన్నొకటి కొట్టుకుని, గుండ్రంగా తిరిగి, మళ్లీ పడేవి. మట్టిబెడ్డలు పైకి తేలేవి, వేళ్లతో ఏరి పారేసేది. ఆ జల్లెడకు చుట్టూ నాలుగువేళ్ల ఎత్తు అంచు ఉండేది, వాడివాడి నున్నగా నల్లబడింది. ఎంత ఊపినా గింజ ఆ అంచు దాటేది కాదు. అప్పుడు చెప్పేది పేతురు కథ. కడరాత్రి భోజనం దగ్గర యేసు సీమోనుతో చెప్పాడు, మిమ్మల్ని గోధుమల్లా జల్లించడానికి సాతాను అడిగాడని. అడిగాడు, అక్కడా అడిగాడు. ఆ వెంటనే ఇంకోటి చెప్పాడు, నీ నమ్మకం పోకూడదని నేను కూడా నీకోసం వేడుకున్నానని.

ఒకే రాత్రి, ఒకే మనిషి కోసం, ఒకే ముంగిట రెండు అర్జీలు. రెండూ చెల్లాయి. తెల్లవారేలోపు చలిమంట దగ్గర పేతురు మూడుసార్లు ఆయనెవరో నాకు తెలియదన్నాడు. కోడి కూసింది. బయటికి పోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. జల్లెడ ఊగింది, దుమ్ము రాలింది, బెడ్డలు పైకి తేలాయి. గింజ ఉంది.

"మరి గింజకు నొప్పి పుట్టదా నాయనమ్మా?"

"పుడుతుంది తల్లీ."

ఇంకేం చెప్పలేదు. జల్లెడ ఊపుతూనే ఉంది.

స్ముర్న సంఘానికి ప్రకటన గ్రంథంలో ఒక ఉత్తరం ఉంది. అపవాది మీలో కొందరిని చెరలో వేయిస్తాడు, మీకు పది రోజులు శ్రమ ఉంటుంది. పది రోజులు. తప్పిస్తానని లేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకోగల సంఖ్య ఒకటి ఇచ్చారు. ఆ ఊరి బిషప్పు పొలికార్పును రెండో శతాబ్దంలో, ఎనభై దాటిన వయసులో, మంటల్లో నిలబెట్టారు. ఆయనకు పదో రోజు ఆ మంటే. చెరసాల గోడ మీద బొగ్గుతో గీసిన పది గీతల్లో ఉన్న హద్దూ, డయాలసిస్ మంచం పక్కన కూర్చున్నవాళ్ల వేళ్ల కణుపుల మీద ఉన్న హద్దూ, నీకు స్తోత్రం. పదకొండో రోజు వాడికి ఇవ్వని చేతికి స్తోత్రం.

ప్రకటన చివర కొత్త ఆకాశం, కొత్త భూమి వస్తాయి. వాటిని చూసిన యోహాను వెంటనే రాసిన సంగతి, సముద్రం ఇక లేదని. చిన్నప్పుడు ఆ మాట చదివి ఏడ్చాను, మా సముద్రం లేని పరలోకం నాకెందుకని. దివిసీమ సంగతి తెలిశాక ఏడవలేదు. సముద్రం లేనిచోట చెలియలికట్ట ఉండదు. హద్దూ, ఆ రోజు నిన్ను కూడా పని నుంచి దింపేస్తారు.

ఆ కొత్త భూమి మీది పట్టణానికి పన్నెండు గుమ్మాలు. పగలు మూయరు, రాత్రి అక్కడ లేదు. నాయనమ్మ ఆ అధ్యాయం చదువుతున్న రాత్రి, లాంతరు వెలుగులో పక్కన పడుకుని అడిగాను.

"మరి దొంగలొస్తేనో? గడియ ఎవరు వేస్తారు?"

"వెయ్యక్కర్లేదంట తల్లీ."

పుస్తకం మూసి, కళ్లజోడు దాని మీద పెట్టింది. మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. చీకట్లో గోడ పట్టుకుని వెళ్లి, మా ఇంటి తలుపుకి గడియ వేసి వచ్చి పడుకుంది.